జానెడు తక్కువైన తాడు

పోయిన వారం మనం సిరీషను సుమో వెనక సీట్లో కూర్చోబెట్టి వదిలేశాం. ఏడాదిగా కుదరదంటే కుదరదని భీష్మించుకున్న మనిషి, ఆఖరికి "సరే బావగారూ, పెడతాను సంతకం" అనేసింది. అనేసి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ సంతకం దేనికో మరిచిపోయిన వాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెబుతాను. సిరీష మొగుడు చిన్నా, కాగితాల్లో రామబ్రహ్మం. తొంభై ఆరు నవంబరులో తన తెల్ల పద్మిని కారు వేసుకుని వర్నిలో ఇంట్లోంచి బయల్దేరాడు. నిజామాబాదులో పనుంది, సాయంత్రానికల్లా వస్తానన్నాడు. ఇప్పుడు రెండువేల మూడు డిసెంబరు. మనిషీ రాలేదు, కారూ రాలేదు. ఏడేళ్ళుగా తనకు గానీ ఇంట్లో ఎవరికి గానీ అతని కబురు అందలేదని పెళ్ళాం ప్రమాణం చేసి సంతకం పెడితే, ఇక అతను లేనట్టేనని తేల్చమని కోర్టును అడగొచ్చట. తేల్చాక కాలవ కింద పొలం మీంచి అతని పేరు తీసేయొచ్చట. ఇదంతా చిన్నా అన్నగారు సాయిప్రసాద్ చెప్పిన మాట. "నీ కూతురు భావన పేరునే రాయిస్తానమ్మాయ్, నా మాట నమ్ము" అని కూడా అన్నాడు. ఈ 'నా మాట నమ్ము' అన్నది ఆ ఏడాదిలో ఎన్నిసార్లు అన్నాడో సిరీష లెక్క తప్పిపోయింది. అన్నిసార్లు అనేవాణ్ణి నమ్మడం ఎంత కష్టమో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సరే, ఇక పదండి.

మంగళవారం పొద్దున బయల్దేరేటప్పటికి కాలవ మీది పొగమంచు ఇంకా విడవలేదు. సాయిప్రసాదే బండి నడుపుతున్నాడు. పదకొండింటికి వకీలు దగ్గర ఉండాలి. బాన్సువాడలోకి వచ్చాక తిన్నగా కోర్టు దగ్గరికే వెళ్తారనుకుంటుంటే, సుమో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది. సిరీష తలెత్తి చూసి గతుక్కుమంది. అది ప్రభుదాస్ షెడ్డు. ఏడేళ్ళుగా ఆటోలో ఆ రోడ్డున వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల అటు చూడకుండా మొహం తిప్పుకుంటుంది. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

"ఇక్కడెందుకు బావగారూ?"

"చిన్న పనుంది. నువ్వు దిగక్కర్లేదు, కూర్చో."

చిన్న పనికి ఇంత పొద్దున్నే, ఇంత ముఖ్యమైన రోజున ఆగాలా? పైగా దిగొద్దనడం ఒకటి. సిరీష పక్క అద్దం కొంచెం కిందికి దించుకుని కూర్చుంది.

ప్రభుదాస్ పదిహేనేళ్ళు మిలటరీలో లారీ నడిపిన మనిషి. అందులో పదేళ్ళు మంచు కొండల మీదే గడిపాడు. తిరిగొచ్చి బాన్సువాడలో వెల్డింగూ టైర్ల పనీ పెట్టుకున్నాడు. యాసంగి నాట్లకు మళ్ళు దమ్ము చేసే రోజులు దగ్గర పడ్డాయి కాబట్టి షెడ్డు నిండా ట్రాక్టర్ల ఇనప చక్రాలే. క్రిస్మస్ వస్తోందని చూరుకు ఎర్ర కాగితం నక్షత్రం ఒకటి వేలాడుతోంది. అయితే ఆ షెడ్డులో చూడాల్సింది వెనక గోడ. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక తాడు.

ఆ తాళ్ళ సంగతి చెప్పాలి. వానాకాలంలో ట్రాక్టరు టైరు బురదలో గిర్రున తిరిగి కూరుకుపోకుండా దాని చుట్టూ ఇనప గొలుసు కట్టించుకోవడం ఈ కాలవ ఊళ్ళలో అలవాటు. ఆ గొలుసులు చేసేది ప్రభుదాస్. టైరు మీద నెంబరు రాసుకురమ్మంటే ఏ రైతూ సరిగ్గా రాసుకురాడు, సగం టైర్ల మీద నెంబరే అరిగిపోయి ఉంటుంది. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. టైరు చుట్టూ తాడు చుట్టి కొసలు కలిసిన చోట ఒక ముడి వెయ్యాలి. టైరు అడ్డం వెడల్పు కొలిచి అక్కడ జంట ముడి వెయ్యాలి. చివర ఒక చిన్న ఉచ్చు వెయ్యాలి. ఉచ్చెందుకూ అంటే, ఆ గోడ మేకుకు తగిలించడానికి. వర్ని, కోటగిరి రైతులకు ఇది వేళ్ళకే వచ్చేస్తుంది. ఇంకే ఊరివాడికీ ఆ ఉచ్చు వెయ్యాలన్న ఊహే రాదు.

"ప్రభుదాస్, గొలుసులు కావాలయ్యా. మంచులో కారు చక్రాలకు వేసుకునేవి" అన్నాడు సాయిప్రసాద్.

పక్కనే ఇనప చక్రం కోసం కూర్చున్న కోటగిరి బుచ్చన్న పకపకా నవ్వాడు. "మంచా? బాన్సువాడల మంచేంది సారూ? పొద్దుగాల గీ పొగను జూసి బుగులువడ్డవా ఏంది?"

"ఇక్కడ కాదులే బుచ్చన్నా. నాన్నగార్ని బదరీ తీసుకెళ్తున్నాను, ఈ నెలాఖరుకి."

వెనక సీట్లో సిరీష చెవులు నిక్కబొడుచుకున్నాయి. మామగారు హరనాథబాబుకి మోకాళ్ళు పట్టేసి ఆర్నెల్లయింది. మొన్న పక్కింట్లో పెళ్ళికే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. ఆయన్ని బదరీ తీసుకెళ్తారా? ఇంట్లో అత్తగారు హనుమాయమ్మ నోట ఆ మాటే రాలేదే? గుడికి వెళ్ళాలంటే నెల ముందునుంచీ ఊరంతా చాటే మనిషావిడ!

ప్రభుదాస్ కూడా చేతిలో సుత్తి కిందపెట్టాడు. "బద్రికా సారూ? గీ నెలల? దీపావళి అయినంక గుడి తలుపులు మూస్తరు గద. పూజార్లే కిందికి దిగొస్తరు. మల్ల ఎండాకాలం దాక తెరువరు."

సాయిప్రసాద్ ఒక్క క్షణం తడబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎంతదాకా పోనిస్తే అంతదాకా వెళ్తాం. ముందు నీ దగ్గరున్న రకాలు చూపించు."

ఏమాటకామాట చెప్పుకోవాలి, ప్రభుదాస్‌ను మంచు గొలుసుల గురించి ఇన్నేళ్ళలో అడిగినవాడే లేడు. మనిషి మొహం వెలిగిపోయింది. లోపలికెళ్ళి గోనెసంచిలోంచి రెండు గొలుసు ముక్కలు తెచ్చి బల్ల మీద పరిచాడు. మిలటరీలోంచి వచ్చేటప్పుడు గుర్తుగా తెచ్చుకున్నవి అవి.

"గిది నిచ్చెన రకం. టైరు మీద అడ్డం అడ్డం మెట్ల లెక్క వడ్తది. సీదా ఎక్కుడు దిగుడుకైతే మంచిగనే వట్టుకుంటది. గని మలుపు కాడ బండి పక్కకు జారిందనుకో, గిది ఆపది. ఇగ గిది వల రకం. ఎటు జారినా ఇడువది. పని ఎక్కువ, ధర గూడ ఎక్కువనే. పాణం మీద తీపి ఉన్నోడు గిదే తీసుకుంటడు."

"నిచ్చెన రకమే చెయ్యి. సన్నవి చాలు."

"సన్నవెందుకు సారూ? సుమోకు లావువి గూడ వడ్తయి. చక్రానికి, మడ్‌గార్డుకు నడుమ గంత సందున్నది, మేకపిల్లనే దూరుతది."

"సన్నవి చాలన్నాను కదా. మడ్‌గార్డుకు రాసుకోకూడదు."

చూశారా? ముసలి తండ్రిని మంచు కొండల మీదికి తీసుకెళ్ళే కొడుకు, రెండు రకాలు ముందు పెడితే పట్టు తక్కువదే ఏరుకున్నాడు. రాసుకోవడానికి అక్కడ ఏమీ లేదని చెబుతున్నా రాసుకుంటుందంటున్నాడు. సిరీష అద్దం ఇంకో రెండు వేళ్ళు దించింది.

"లావా సన్నమా అన్నది మీ ఇష్టం సారూ. కొలత మాత్రం పక్కా ఉండాలె. వదులుంటే గొలుసు లేచి బ్రేకు పైపుకు తాకుతది, తాకితే ఇగ బండి ఆగది" అంటూ ప్రభుదాస్ సుతిలి తాడు ఉండ అందుకుని సుమో చక్రం దగ్గరికి వంగబోయాడు.

సాయిప్రసాద్ గబుక్కున అడ్డం వచ్చాడు. "వద్దొద్దు. కొలత నేనే తీసి తెచ్చాను." జేబులోంచి చుట్ట చుట్టిన తాడు తీసి ఇచ్చాడు.

బండి కళ్ళెదుట ఉంటే జేబులో కొలతెందుకు? బుచ్చన్నకు కూడా వచ్చింది ఆ అనుమానం, కాని పెద్దమనిషి ముందు నోరు మెదపలేదు. ప్రభుదాస్ తాడును వేళ్ళ మధ్య నుంచి ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగి చూశాడు. తలెత్తి వెనక గోడ వైపొకసారి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"ఎప్పటికి గావాలె?"

"శుక్రవారానికి. ముందు టైర్లో గాలి తక్కువగా ఉంది, అది కూడా పట్టించు. వకీలు వచ్చాడో లేదో చూసి స్టాంపు కాగితాలు పట్టుకొస్తాను. అమ్మాయ్, నువ్వు దిగకు, చీరకు మసి అంటుకుంటుంది." ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ వెనకే బుచ్చన్న తన చక్రం ట్రాలీలో వేయించుకుని బయల్దేరాడు.

ఆటో మలుపు తిరగడం ఆలస్యం, సిరీష కిందికి దిగింది.

"అన్నా."

"ఏడేండ్లాయె సిరీషమ్మా, నువ్వు గీ దిక్కు రాక."

"నీకు తెలీదా ఎందుకు రాలేదో!"

తెలియకేం. ఆ వెనక గోడ మూలన, తాళ్ళకు పైన, ఒక చక్రం వేలాడుతోంది. చిన్నా ఇల్లు వదలడానికి ముందురోజు పంక్చరు వేయించడానికి వదిలివెళ్ళిన పద్మిని స్టెప్నీ అది. రేపొచ్చి తీసుకుంటానన్నాడట. కావాలని ఎంతమంది అడిగినా ప్రభుదాస్ ఇవ్వలేదు. దాని మీద దుమ్ము కూడా పేరుకోనివ్వడు. ఆ చక్రం కనబడితే తట్టుకోలేనని సిరీష ఈ షెడ్డు గడప తొక్కలేదు.

"ఆ తాడొకసారి ఇటివ్వన్నా."

ప్రభుదాస్ ఇచ్చాడు. సిరీష చెంగు నడుముకు దోపుకుని సుమో వెనక చక్రం దగ్గర కూర్చుంది. తాడు చుట్టింది. ముడి కొసను అందలేదు. జానెడు తక్కువ, ఆ పైన ఇంకో రెండు వేళ్ళు. సరిగ్గా చుట్టలేదేమోనని మళ్ళీ చుట్టింది. ముందు చక్రానికీ చుట్టి చూసింది. అంతే. ఏ చక్రానికైనా అదే జానెడు.

"ఇది ఈ బండిది కాదు" అంది.

"చేతుల వడంగనే సమజయింది చెల్లె."

"మరి అడగలేదేం ఆయన్ని?"

"గిరాకీకి వచ్చినాయన అబద్ధం జెప్తుండని ఎట్లడుగుత? అండ్ల నీ ముంగట ఎట్లడుగుత?"

"పోనీ ఏ బండిదో నాకు చెప్పు."

ప్రభుదాస్ స్టూలు వేసుకుని ఎక్కి, మూలన ఉన్న ఆ స్టెప్నీని రెండు చేతులతో దింపి, ఆమె ముందు నిలబెట్టి పట్టుకున్నాడు.

సిరీష తాడు చుట్టబోయింది. ఒకసారి తాడు జారిపోయింది. మళ్ళీ చుట్టింది. ముడి వచ్చి కొస మీద కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేదు. జంట ముడి అడ్డంగా పట్టి చూసింది. ఈ అంచు నుంచి ఆ అంచుకు సరిపోయింది.

ప్రభుదాస్ ఒంటి చేత్తో తాడు కొస పైకెత్తాడు.

"గీ తాడు గూడ జూడు" అన్నాడు. "గిది మన సుతిలి గాదు. మేక బొచ్చు పేనిన తాడు. ఒక పేట నలుపు, ఒక పేట తెలుపు. గసుంటియి గా మంచు కొండలల్ల గొర్లు కాసేటోళ్ళు పేనుకుంటరు. సాయిప్రసాద్ సారుకు యాడ దొరుకుతది?"

సిరీష తాడు కొస పట్టుకుని చూస్తోంది. కొసన ఉచ్చుంది. చిటికెన వేలు పట్టేంత, మేకుకు సరిగ్గా సరిపోయేంత. సాయిప్రసాద్ గట్టు మీద నిలబడి పురమాయించే రకమే గాని, జన్మలో ఒక్క చక్రానికీ తాడు చుట్టి ఎరగడు. మరి చిన్నా? పెళ్ళికి ముందు చిన్నా పొద్దస్తమానం ఈ షెడ్డులోనే ఉండేవాడని అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంటుంది.

"బతికే ఉన్నాడన్నా" అంది. అంటూనే ఏడ్చేసింది. ఏడేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ జాలి చూపుల ముందు దాచుకున్న ఏడుపు, మసి నేల మీద కూర్చుని ఆ రబ్బరు చక్రాన్ని పట్టుకుని ఏడ్చింది. సంతోషమే అది. ఒట్టి సంతోషం.

"ఆగు చెల్లె, ఆగరాదు. బండి ఎవరికన్న అమ్ముకున్నడేమో. గా కొన్నోడు పంపిండేమో."

"కొన్నవాడికి నీ గోడ మీద మేకులున్నాయని ఎలా తెలుస్తుందన్నా?"

ప్రభుదాస్ తలెత్తి మళ్ళీ ఆ మేకుల వైపే చూశాడు.

సంతోషం ఎంతసేపు నిలిచింది? ఓ నిమిషం. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఈ తాడు బావగారి జేబులోకి ఎలా వచ్చింది? చిన్నా బతికున్నాడని ఆయనకు తెలుసన్నమాట. తెలిసి, తన చేతే చచ్చిపోయాడని రాయించడానికి తీసుకొచ్చాడన్నమాట. తమ్ముడి వాటా మింగడానికి ఇంత నాటకమా? ఈ గొలుసులు కూడా తమ్ముడు అడిగితేనేనా, లేక కావాలనే పట్టులేనివి చేయించి పంపుతున్నాడా? మలుపు దగ్గర కారు జారితే ఎవరడుగుతారు? అప్పుడింక సంతకంతో పనే లేదు. సిరీష కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది.

ఆటో చప్పుడైంది. సాయిప్రసాద్ చేతిలో కాగితాల కవరు పట్టుకుని చిరునవ్వుతో దిగాడు. దిగి రెండడుగులు వేశాడో లేదో, స్టెప్నీ కనబడింది. దాని చుట్టూ తాడు కనబడింది. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"దిగొద్దన్నానా!"

"దిగాను బావగారూ. ఈ తాడు ఎక్కడిది?"

"కొలత తాడమ్మా. సుమోది..."

"సుమోకి జానెడు తక్కువైంది. నాలుగు చక్రాలూ చూడమంటే మళ్ళీ చూపిస్తాను."

"అయితే పొరపాటున వేరే తాడు తెచ్చి ఉంటాను. దానికింత రాద్ధాంతమా? పద, వకీలు కూర్చున్నాడు."

"ఆయన పద్మినికి సరిపోయింది."

సాయిప్రసాద్ ప్రభుదాస్ వైపు కోపంగా చూశాడు. "ఇది మా ఇంటి విషయం. నువ్వు లోపలికి వెళ్ళవయ్యా."

"గీ షెడ్డు నాదే సారూ. యాడికి వోవాలె?" అన్నాడు ప్రభుదాస్, చక్రం వదలకుండా.

"కాగితంలో ఏం రాయించారో చదివి వినిపించండి బావగారూ" అంది సిరీష. "నాకు గానీ ఇంట్లో ఎవరికి గానీ ఏ కబురూ అందలేదని, అంతేగా? నా చేత ప్రమాణం చేయించబోయారు, జేబులో ఆయన పంపిన తాడు పెట్టుకుని! తమ్ముడి వాటా కోసం ఇంతకి దిగుతారా? ఆ గొలుసులు పట్టులేనివి చెయ్యమన్నదెందుకు? ఆయన లోయలో పడాలనా?"

ఆ చివరి మాటకు సాయిప్రసాద్ మొహంలో రక్తం దిగిపోయింది. చూసే వాళ్ళకు దొంగ దొరికిపోయినట్టే అనిపిస్తుంది. కాని ఆ మొహంలో భయం లేదు. నిజంగా దెబ్బ తిన్న మనిషి మొహం అది. బల్ల మీద కూలబడ్డాడు.

"సన్నవి చాలని నేననలేదమ్మాయ్. వాడే రాశాడు."

"ఎక్కడ రాశాడు?"

"నన్ను చూపించమనకు. నా మాట నమ్ము, ఆ సంతకం పెట్టేసి ఇంటికి పద. నీ మంచికే చెబుతున్నాను."

"మీ మాట నమ్మడం ఈ షెడ్డు బయటే ఆపేశాను. ఉత్తరం ఇవ్వండి. లేకపోతే ఈ తాడు పట్టుకుని తిన్నగా అత్తయ్యగారి దగ్గరికి వెళ్తాను."

తల్లి పేరెత్తేసరికి ఆయన గింజుకోవడం మానేశాడు. చొక్కా లోపలి జేబులోంచి ఇన్లాండ్ కవరు ఒకటి తీశాడు. పంపినవాళ్ళ చిరునామా ఉండే మడత చింపేసి ఉంది. "రెండేళ్ళుగా రాస్తున్నాడు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. సంతకం పెట్టించమన్నది నేను కాదు సిరీషా. వాడే."

సిరీష కవరు లాక్కుంది. చిన్నా దస్తూరీయే. పెళ్ళైన కొత్తలో పుట్టింటికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, ఆ రాత ఆమె చీకట్లో తడిమి కూడా పోల్చుకోగలదు. నిలబడే చదివింది.

*అన్నయ్యా, కొలత తాడు వేరే పార్సిల్లో పంపుతున్నాను. ఇక్కడ బజార్లో దొరికేవన్నీ జీపుల సైజులే, మన పాత కారుకు సరిపోవు. ప్రభుదాస్ అన్న చేతే చేయించు, నాకని మాత్రం చెప్పకు. పద్మినికి సందు తక్కువ, నిచ్చెన రకమే, సన్నవి చాలు. ఆ సంతకం సంగతి తొందరగా తేల్చు. ఆవిడ మాత్రం ఎన్నాళ్ళని ఎదురుచూస్తుంది? గొలుసులు మాత్రం ఆలస్యం చెయ్యకు. జనవరిలో సెలవులిచ్చేదాకా రోజూ పాపను బడికి దింపాలి, దారంతా ఎక్కుడే. పోయిన ఏడాది మలుపు దగ్గర కారు జారింది. పాప తలకు మూడు కుట్లు పడ్డాయి.*

పాప.

మొదట అర్థం కాలేదు. భావన బడికి ఆటోలో వెళ్తుంది కదా, కుట్లెప్పుడు పడ్డాయి అనుకుంది పిచ్చిది. తర్వాత అర్థమైంది, ఈ పాప వేరని. ఇందాక ఏడ్చిన ఏడుపు తలుచుకుంటే సిగ్గేసింది, మంట పుట్టింది, ఆ కాగితాన్ని అక్కడే పరపరా చింపి పారేయాలనిపించింది. ఉత్తరం అంతా వెతికింది. తన పేరు ఎక్కడా లేదు. 'ఆవిడ'. ఏడేళ్ళ ఎదురుచూపుకు మిగిలింది ఆ ఒక్క మాట.

"ఇందుకే దిగొద్దన్నాను" అన్నాడు సాయిప్రసాద్ నేల చూపులు చూస్తూ. "పోయినవాడు పోయాడనుకుని బతకడం సులువని..."

"నాకు ఏది సులువో మీరిద్దరూ కూర్చుని తేల్చారా?"

సిరీష ఉత్తరాన్ని మడత మీద మడత పెట్టి జాకెట్లో దోపుకుంది. స్టాంపు కాగితాల కవరు ఆయన చేతిలోంచి తీసుకుని సుమో సీటు మీదికి విసిరేసింది. అప్పుడు తిరిగింది ప్రభుదాస్ వైపు.

"అన్నా, నిచ్చెన రకం వద్దు. వల రకం చెయ్యి. పద్మినికి పడుతుందా?"

ప్రభుదాస్ ఆమె మొహంలోకి చూశాడు. "సన్న కడ్డీ, గట్టి ఉక్కు వెట్టి చేస్తె వడ్తది. గని చెల్లె, గాయన కోసమా?"

"ఆయన కోసం కాదు. చిన్నపిల్ల ఎక్కే బండి. ఆ పిల్లేం చేసింది?"

సాయిప్రసాద్ గబగబా అందుకున్నాడు. "మంచి మాటన్నావు తల్లీ. శుక్రవారం పార్సిల్ చేసేస్తాను..."

"పార్సిల్ ఎందుకు? నేనే తీసుకెళ్తాను."

"నువ్వా? ఊరి పేరు తెలీదు, దారి తెలీదు. నేను చెప్పను. చచ్చినా చెప్పను."

"మీరు చెప్పకపోతే పోయె సారూ" అన్నాడు ప్రభుదాస్ నెమ్మదిగా. స్టెప్నీ మీంచి తాడు విప్పి, ఆ నలుపు తెలుపు పేటలు వెలుగులోకి ఎత్తిపట్టాడు. "నల్ల పేట, తెల్ల పేట కలిపి గీ తీరుగ పేనేది ఒక్క లోయలనే. పదేండ్లు గా తోవల బండి నడిపిన. కొండ ఎక్కేటందుకు అండ్ల ఒక్కటే సడకు. తెల్ల పద్మిని ఎంతమందికుంటదక్కడ?"

సిరీష బల్ల మీది వల రకం గొలుసు ముక్క అందుకుంది. బరువుగా, చల్లగా ఉంది. నేల మీద కూర్చుని స్టెప్నీని తన వైపు లాక్కుంది.

"ఎలా తొడగాలో నేర్పన్నా. ముందు ఏ కొక్కెం?"